అరవై మూడు లారీలకూ ఒకటో నంబరే

మా ఇంట్లో లారీలు కొన్నవాళ్లున్నారు, నడిపినవాళ్లున్నారు, లారీ కింద పడబోయి బతికి బయటపడ్డ మావయ్య కూడా ఒకాయనున్నాడు. కానీ కుర్చీలోంచి లేవకుండా ఒక్క మీట నొక్కి అరవై మూడు లారీలను ఒకేసారి రోడ్డెక్కించి, జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారిలో చీమ కూడా దూరకుండా చేసిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. ఆ ఘనకార్యం గురించే చెప్పబోతున్నాను. నవ్వుకోండి, మొహమాటపడకండి. నవ్వాల్సినవాళ్లంతా ఆ రోజే నవ్వేశారు, మీరే కాస్త ఆలస్యంగా వచ్చారు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నందిగామలో మా ఇంటి మేడమీది గదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేసేదాన్ని. పనంటే మరేం లేదు, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి సరిచేయడం. ఆరేళ్లుగా అదే. పొద్దున ఒక తప్పు సరిచేస్తే మధ్యాహ్నానికి దాని తమ్ముడు తయారయ్యేవాడు. ఒకరోజు కాఫీ తాగుతుంటే జ్ఞానోదయమైంది. తప్పులు చేసేదీ మనుషులే, దిద్దేదీ మనుషులేనా? ప్రోగ్రాముల తప్పుల్ని ఇంకో ప్రోగ్రామే దిద్దుకుంటే పోలా? ఇలా ఆలోచించింది లోకంలో నేనొక్కదాన్నేనని రెండు రోజులు పొంగిపోయాను. మూడో రోజు వెతికి చూస్తే దీని మీద పరిశోధన చేసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. పొంగు తగ్గింది గానీ కోరిక తగ్గలేదు. ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరతానని ఇంట్లో ప్రకటించాను.

మా నాన్నకి నందిగామలో విత్తనాల దుకాణం. ఆయన దేన్నీ కాదనరు, అవుననరు. కొత్త బస్తా రాగానే గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి పెడతారు. మొలకొస్తే అమ్ముతారు, రాకపోతే వెనక్కి పంపుతారు. నా భవిష్యత్తునీ అలాగే చూశారు.

"సరేనమ్మా. తప్పులు దిద్దే మిషన్ చేస్తానంటున్నావుగా. నా కళ్లముందు ఒక్కసారి దాంతో ఒక తప్పు దిద్దించు. మొలకొస్తే ఉద్యోగం మానెయ్యి."

"అంతేనా నాన్నా?"

"అంతే. రాకపోతే మాత్రం ఈ ఊసు మళ్లీ ఎత్తకు."

ఆ మిషన్‌కి నేను కాంపౌండర్ అని పేరు పెట్టుకున్నాను. డాక్టర్ అందామంటే పీహెచ్‌డీ ఇంకా రాలేదు కదా. అది చేసే వైద్యం చాలా తేలిక. జబ్బుపడ్డ ప్రోగ్రాములో ఒక లైను తీసేస్తుంది, ఒకటి చేరుస్తుంది, ఇంకోటి అటుదిటు మారుస్తుంది. మార్చినప్పుడల్లా నేను రాసిచ్చిన పరీక్షలు పెట్టి చూస్తుంది. అన్నీ పాసైతే జబ్బు నయమైనట్టు లెక్క. ఫెయిలైతే ఇంకో మందు. విసుగు, కోపం లేకుండా వేలసార్లు ఇలా చేస్తుంది. ఆ ఓపిక చూసి నాకే ముచ్చటేసేది.

రోగి కూడా ఇంట్లోనే దొరికింది. మా బాబాయికి జగ్గయ్యపేటలో రెండు లారీలున్నాయి, అక్కడి లారీ ఓనర్ల సంఘానికి ఆయనే సెక్రటరీ. ముక్త్యాల వైపు ఫ్యాక్టరీలో సిమెంటు లోడు కావాలంటే లారీలు సంఘం యార్డులో వరసలో ఉండాలి. దాన్నే సీరియల్ అంటారు. ముందొచ్చిన లారీకి ముందు లోడు. ఈ సీరియల్ని ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నది కోటయ్యగారు. భుజం మీద తువ్వాలు, చేతిలో మైకు, ఇంతే ఆయన ఆఫీసు. ఏ డ్రైవరు వచ్చినా ఆయన అడిగేది ఒకటే మాట: "నీ ముందెవరు?" తన ముందున్న లారీ ప్లేటు నంబరు చెప్పలేకపోతే వాడి పేరు రాయరు. టీకి వెళ్లినా, నిద్రపోయినా, ఇంటికెళ్లి వచ్చినా, తన ముందెవరో తను గుర్తుపెట్టుకోవడం ప్రతి డ్రైవరు ధర్మం.

ఇదంతా పాతకాలపు చాదస్తమని నేను సంఘానికి ఒక యాప్ రాసిచ్చాను. యార్డులోకి రాగానే డ్రైవరు మీట నొక్కుతాడు, ఫోన్లో నంబరొస్తుంది. ముందున్నవాళ్లు కదిలేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. ఒకటికి రాగానే 'మీ వంతు వచ్చింది, వెంటనే ఫ్యాక్టరీ గేటుకి బయల్దేరండి' అని మెసేజీ వెళుతుంది. కోటయ్యగారి మైకు మూలపడింది. ఆయన మాత్రం అలవాటు చావక, కొత్త లారీ వచ్చినప్పుడల్లా దగ్గరికెళ్లి ఆ ప్రశ్న అడుగుతూనే ఉండేవారు. నేను ముసిముసిగా నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

యాప్‌లో ఒక జబ్బుండేది. వరసలో ఉన్న లారీ ఏదైనా టైరు పేలి ఇంటికెళ్లిపోతే దాని నంబరు అలాగే ఉండిపోయేది. వెనకవాళ్లంతా లేని లారీ కోసం ఎదురుచూసేవారు. బాబాయి వారానికోసారి ఫోన్ చేసేవారు.

"అమ్మాయ్, ఇవాళ కూడా ఆగింది. సరిచెయ్యమ్మా."

నిజం చెప్పొద్దూ, చేత్తో దిద్దితే అరగంట పని. ఆ అరగంట ఆదా చేయడానికి నాలుగు నెలలు కూర్చుని కాంపౌండర్‌ని తయారుచేశాను. మా వృత్తిలో దీన్నే తెలివి అంటారు.

సుముహూర్తం కూడా గొప్పగా కుదిరింది. ఒక యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వీడియోలోనే, మధ్యాహ్నం మూడింటికి. అదే రోజు పొద్దున పదకొండింటికి సంఘం ఆఫీసులో కాంపౌండర్ ప్రదర్శన పెట్టాను. పొద్దున నాన్నని మెప్పించి, ఒంటిగంటకల్లా నందిగామ చేరి, పప్పన్నం తిని, మూడింటికి ప్రొఫెసర్లని మెప్పించాలని నా పథకం. స్లైడ్లు కూడా ముందే చేసేశాను. మొదటి స్లైడు మీద 'పరీక్షలు: మూడుకి మూడు పాస్' అని ప్రదర్శన జరక్కముందే రాసుకున్నాను.

ఆ మూడు పరీక్షలేమిటో చెప్పాలి. వరసలో ఉన్న ప్రతి లారీకీ ఒక నంబరుండాలి. నంబర్ల మధ్య ఖాళీ ఉండకూడదు. వెనకొచ్చిన లారీ నంబరు ముందొచ్చిన లారీ నంబరుకంటే చిన్నది కాకూడదు. చూడండి, ఎక్కడైనా లోపముందా? నాకూ కనపడలేదు.

ఆఫీసులో నాన్న, బాబాయి, కోటయ్యగారు నా వెనక నిలబడ్డారు. కాంపౌండర్‌ని నడిపాను. తెర మీద ఎర్రగీతలు పరుగెత్తాయి. ఇరవై నిమిషాల తర్వాత మూడు పచ్చగీతలు వరసగా వెలిగాయి.

"నయమైపోయింది!" అని కేకపెట్టాను.

"ఏం మందేసిందమ్మా?" అన్నారు నాన్న.

"అది చూడక్కర్లేదు నాన్నా. పరీక్షలు పాసైనాయిగా."

బాబాయి గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, ఇవాళ యార్డులో అరవైమూడు బళ్లున్నాయి. ఆదివారం ఖాళీగా ఉంటది, అప్పుడు పెడదామా?"

"మీకు నమ్మకం లేదా బాబాయ్?"

"నీ మీదుందమ్మా..." అని ఆయన వాక్యాన్ని అక్కడే వదిలేశారు.

అప్పుడు కోటయ్యగారు మెల్లిగా అన్నారు. "పాపా, పెట్టేముందు ఆ మిషన్ని ఒక్కమాట అడిగి చూడరాదూ? నీ ముందెవరూ అని."

నేను నవ్వాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న నవ్వే, కాకపోతే ఈసారి పళ్లు కూడా కనపడేలా. "కోటయ్యగారూ, ఇలాంటి మిషన్ కృష్ణాజిల్లాలో ఇదే మొదటిదండి. దీని ముందెవరూ లేరు!"

మీట నొక్కాను.

యార్డులో ఒక ఫోను టింగుమంది. ఆ వెంటనే ఇంకోటి. ఆ తర్వాత యార్డు యార్డంతా గుడిగంటల్లా మోగిపోయింది. ఆ వెనకే ఇంజన్లు. కిటికీలోంచి చూస్తే టీ గ్లాసులు అరుగు మీద పెట్టేసి డ్రైవర్లు పరుగెత్తుతున్నారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే బండెక్కాడు.

"అందరూ ఒకేసారి ఎక్కడికి పోతున్నారు?" అన్నారు నాన్న.

నేను లాప్‌టాప్‌లోకి చూశాను. కాంపౌండర్ చేసిన వైద్యం ఒక్క లైను. వచ్చిన ప్రతి లారీకీ ఒకటో నంబరు ఇచ్చేసింది. ప్రతి లారీకీ నంబరుంది, మధ్యలో ఖాళీ లేదు, వెనకొచ్చినవాడి నంబరు ముందువాడికంటే చిన్నది కాదు. మూడుకి మూడు పాస్. రెండు లారీలకు ఒకే నంబరు ఉండకూడదన్న సంగతి నేను రాయలేదు. అంత తెలిసిన విషయం ఎవరైనా రాస్తారా చెప్పండి!

నాన్న తెర మీదికి వంగి, అన్నీ ఒకట్లే ఉన్న ఆ వరసను పైనుంచి కిందిదాకా చదివారు.

"నీకెప్పుడూ రాని ఫస్టు ర్యాంకు ఊరందరికీ పంచిపెట్టావే!"

మార్పు వెంటనే వెనక్కి తీసేశాను. కానీ వెళ్లిపోయిన మెసేజీలను వెనక్కి తేగలనా, కదిలిపోయిన లారీలను తేగలనా! బాబాయి స్కూటరు వెనకెక్కి ముక్త్యాల రోడ్డు పట్టాను. నాన్న, కోటయ్యగారు ఆటోలో వెనకే వచ్చారు. ఊరు దాటీ దాటకముందే దారి మూసుకుపోయింది. అందరివీ ఒకటో నంబర్లే, ఎవరికెవరు దారిస్తారు? ఒకరి పక్కన ఒకరు దూరి రోడ్డంతా నింపేశారు. ఎదుట్నుంచి సిమెంటు లోడుతో వస్తున్న బళ్లు ఎదురుగా ఆగిపోయాయి. మధ్యలో ఒక బస్సు. దాని కండక్టరు కిందికి దిగి, ఇదంతా ఎవరి పనో తెలిస్తే చెప్పమని అందర్నీ అడుగుతున్నాడు. నేను చున్నీ తలమీదుగా కప్పుకున్నాను.

"నాది ఒకటో నంబరు! చూస్కో!"

"నాదీ ఒకటే! నీకు కళ్లు కనపడతల్లేదా?"

బాబాయి ఒక బండి మెట్టెక్కి చేతులెత్తి అరిచారు. "ఆగండయ్యా ఆగండి! ఫోన్లో ఒకటో నంబరున్నోళ్లు మాత్రమే ముందుకి రండి, మిగతావాళ్లు ఆగండి!"

అరవై మూడు ఇంజన్లూ ఒకేసారి రంయ్‌మన్నాయి.

"పైపై గింజలే తడిపి చూసావమ్మా," అన్నారు నాన్న నా పక్కన నిలబడి. "బస్తా అడుగునుంచి కూడా తియ్యాలి." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా పీహెచ్‌డీ ఊసు ఆ రోడ్డు మీదే ఆగిపోయిందని ఆ మెత్తటి గొంతులోనే అర్థమైంది.

ఆ అరుపుల్లోనే మూడు గంటలు గడిచిపోయాయి, టైము చూస్తే రెండున్నర. ఇంటర్వ్యూకి ఇంకో అరగంట. నందిగామ వెళ్లే దారి లేదు, వెనక్కి తిరిగే దారీ లేదు, వెనక కూడా బళ్లు చేరిపోయాయి. బాబాయి లారీ డ్రైవరు నాగుల్ మీరా నా మొహం చూసి కేబిన్ తలుపు తీశాడు.

"ఎక్కండి అమ్మాయిగారూ. ఎత్తు మీద సిగ్నలు బాగుంటది. ఛార్జర్ కూడా ఉంది."

అలా నా జీవితంలో అతి ముఖ్యమైన ఇంటర్వ్యూకి లారీ కేబిన్లో హాజరయ్యాను. తల వెనక నిమ్మకాయల దండ. స్టీరింగు ముందు నాగుల్ మీరా, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా, ఇంటర్వ్యూ తనకే జరుగుతున్నంత బుద్ధిగా కూర్చున్నాడు. ఫోన్లో ముగ్గురు కనపడ్డారు. మధ్యలో ఉన్న మేడం తెలుగావిడే, కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో మొదలైంది. మీకోసం అంతా తెలుగులోనే చెబుతాను.

"వెనక ఏమిటా శబ్దం?" అన్నారు మేడం.

"లారీలండి."

"రోడ్డు పక్కన ఉన్నారా?"

"రోడ్డు మధ్యలో ఉన్నానండి."

"ఎందుకు?"

మొదటి స్లైడు సిద్ధంగా ఉంది, మూడుకి మూడు పాస్. ఏ పెళ్లి ఊరేగింపో అని బొంకి దాన్ని చూపించవచ్చు. నేను తటపటాయిస్తుంటే నాగుల్ మీరా గుసగుసగా అన్నాడు. "చెప్పెయ్యండి అమ్మాయిగారూ. దాచడానికేముంది, సాక్షులంతా ఇక్కడే ఉన్నారు."

చెప్పేశాను. కాంపౌండర్, మూడు పరీక్షలు, ఒక్క లైను వైద్యం, అరవై మూడు ఫస్టు ర్యాంకులు, సగం గడ్డం, అన్నీ. కుడివైపు ప్రొఫెసరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎడమవైపాయన కెమెరా ఆపేసుకున్నాడు, భుజాలు ఊగడం అప్పటికే చూసేశాను. మేడం మాత్రం నవ్వలేదు.

"మరి తప్పెవరిది? మీ మిషన్‌దా?"

"కాదండి. నేను అడిగింది అది చేసింది. అడగాల్సింది నేనే అడగలేదు."

"ఏమడగాల్సింది?"

అద్దంలోంచి బయటికి చూశాను. కోటయ్యగారు తువ్వాలు తలకి చుట్టుకుని రోడ్డు మధ్యలోకి వచ్చారు. "ఆ ఫోన్లన్నీ జేబుల్లో పెట్టుకోండయ్యా," అని ఒక కేక వేసి, మొదటి కేబిన్ దగ్గరికెళ్లారు.

"నీ ముందెవరు?"

"డెబ్భై పదకొండు."

డెబ్భై పదకొండు దగ్గరికెళ్లారు. "నీ ముందెవరు?"

"ముప్ఫయ్యారు నలభై, కోటయ్యగారూ."

ఒక్కడు తడబడలేదు. ముందెవరో ప్రతివాడికీ తెలుసు, ఎందుకంటే నా యాప్ వచ్చాక కూడా ఆయన అడగడం మానలేదు. అలా అడుగుతూ అడుగుతూ పోయి, "నా ముందెవరూ లేరండి" అన్న డ్రైవరు దొరకగానే అతని బండిని ముందుకి పంపారు. అతని వెనకవాడు, వాడి వెనకవాడు. దారంలో పూసలు ఎక్కినట్టు వరస ఏర్పడుతోంది. ప్రతిదీ తన ముందున్నదాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, వరస దానంతటదే వస్తుందని నేను ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నేర్చుకుని మూడో సంవత్సరంలో మర్చిపోయిన పాఠం ఇదే. ఆయన ముప్ఫయ్యేళ్లుగా ఎండలో నిలబడి చేస్తున్నారు.

ఫోను తిప్పి అద్దంలోంచి ఆయన్ని చూపించాను. "అడగాల్సింది ఆయన అడుగుతున్నారండి."

మేడం తెలుగులోకి దిగిపోయారు. "ఏమని?"

"నీ ముందెవరు అని. పనిచేసేచోట అందరికీ తెలిసిన సంగతులు ఎవరూ రాసిపెట్టరు మేడం. రాయలేదు కాబట్టి మిషన్ వాటిని తొక్కుకుంటూ పోతుంది, అయినా పరీక్షలు పాసవుతుంది. అందుకని దిద్దకముందే పాత ప్రోగ్రామునే అడిగి, అది ఎప్పుడూ తప్పని సంగతులేమిటో రాసుకోవాలి. దిద్దాక అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. జబ్బున్నచోట జవాబు మారొచ్చు. జబ్బు లేనిచోట మారిందంటే అది వైద్యం కాదు."

ఇది నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం. నాలుగు నెలలు గదిలో కూర్చుంటే రాని ఆలోచన లారీ కేబిన్లో నాలుగు నిమిషాల్లో వచ్చింది.

"మీ స్లైడ్లు పక్కన పెట్టండి," అన్నారు మేడం. "మేమందరం ఈ చిక్కుతోనే అవస్థ పడుతున్నాం. దీని గురించే మాట్లాడదాం."

పావుగంట ఇంటర్వ్యూ ముప్పావుగంట సాగింది. కెమెరా ఆపుకున్నాయన కూడా తిరిగొచ్చి రెండు ప్రశ్నలడిగాడు. సరిగ్గా అప్పుడే కేబిన్ తలుపు మీద దబదబా చప్పుడైంది. కోటయ్యగారు.

"నాగుల్ మీరా, నీ ముందెవరు?"

"నా ముందు అమ్మాయిగారి ఇంటర్వ్యూ ఉంది కోటయ్యగారూ! అదయ్యాకే కదులుతా!"

మేడం అప్పుడు నవ్వారు. కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

సాయంత్రానికి రోడ్డు ఖాళీ అయింది. రెండు వారాలకి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది, సీటు ఇచ్చారు. ప్రింటు తీసి దుకాణానికి పట్టుకెళ్లాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కౌంటరు మీద తడిగుడ్డ మూటలున్న పళ్లెంలో, ఆ మూటల పక్కనే దాన్ని జాగ్రత్తగా ఆనించి పెట్టారు.

"మొలకొచ్చిందే!" అన్నారు.

ఆ ఒక్కమాటకి నేను దుకాణంలోనే, రైతులందరి ముందూ, భోరుమన్నాను. సంతోషంతో ఏడవడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు పీహెచ్‌డీ కూడా అయిపోయింది. నా సిద్ధాంతగ్రంథంలో ఆ పద్ధతికి 'కోటయ్య పరీక్ష' అని పేరు పెట్టాను. దూరదేశాల్లో సభల్లో పెద్దపెద్దవాళ్లు ఆ పేరు పలకలేక నాలుక మెలితిప్పుకుంటుంటే నాకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. పట్టా తీసుకుని జగ్గయ్యపేట వెళితే యార్డులో మళ్లీ మైకు మోగుతోంది. బాబాయి స్వీటు తిని, మూతి తుడుచుకుని అడిగారు.

"డాక్టరమ్మా, అంతా బాగానే ఉంది గానీ, మన యాప్‌లో ఆ పాత జబ్బు తగ్గిందా?"

ఇన్నేళ్లలో దాన్ని నేను ముట్టుకోనే లేదు! లోకంలోని ప్రోగ్రాములన్నిటి రోగాలకూ మందు కనిపెట్టే హడావుడిలో మొదటి రోగిని అలాగే వదిలేశాను. సిగ్గుపడి అక్కడే బల్ల మీద కూర్చుని చేత్తో దిద్దాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మీట నొక్కేముందు కోటయ్యగారిని పిలిచి, ఆయన్నే అడగమన్నాను. యార్డులో ఉన్న ప్రతి లారీ గురించీ అడిగారు. ప్రతి జవాబూ సరిపోయింది. అప్పుడు నొక్కాను. ఒకే ఒక్క ఫోను టింగుమంది. ఆ ఒక్క చప్పుడు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను.

కాబట్టి ముక్త్యాల రోడ్డు సాక్షిగా, అరవై మూడు హారన్ల సాక్షిగా, సగం గడ్డంతో మిగిలిపోయిన ఆ పెద్దమనిషి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అరగంటలో చేత్తో అయ్యే పనికి ఇకమీదట నాలుగు నెలల మిషన్ కట్టను. మందు ఏమిటో చూడకుండా మీట నొక్కను. తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి ప్రశ్న అడిగితే పళ్లు బయటపెట్టి నవ్వను.

ఇది రాసి కోటయ్యగారికి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని తలూపారు.

"బానే ఉంది పాపా. ఇట్లాంటి ఒట్టు పెట్టుకున్నోళ్లలో నీ ముందెవరు?"

ఎవరూ లేరండి అన్నాను. ఈసారి నాది నిజంగానే ఒకటో నంబరు.